తీసిపెట్టిన మనిషి

నమోదు 1

మంచుపాలెం ఉత్తుత్తి బేస్‌బాల్ లీగుకి నేను అధ్యక్షురాలిని. ఈ పదవికి నేను పోటీ చేయలేదు. ఎన్నిక రోజున సరుకుల గదిలో కందిపప్పు డబ్బాలు సర్దుకుంటూ సమావేశానికి ఆలస్యంగా వెళ్ళాను. వెళ్ళేసరికి అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొడుతున్నారు. ఎదురుగా లేని మనిషిని ఎన్నుకోవడం ఇక్కడి ఆనవాయితీ అని తర్వాత తెలిసింది. అధ్యక్షులు లీగు వ్యవహారాలు నమోదు చేయాలట. చేస్తున్నాను.

కొత్తగా ఈ గురుగ్రహపు చందమామ కాలిస్టో మీద దిగేవాళ్ళ కోసం కొంచెం వివరం. భూమి నుంచి ఇక్కడికి క్రికెట్ రాదు, కబడ్డీ రాదు. వాటి హక్కుల ధర మేము తవ్వే మంచంతా అమ్మినా పుట్టదు. సరుకు ఓడలకి దారి చెప్పే ప్రసారం చివర తోకలాగా పసిఫిక్ దీవుల బేస్‌బాల్ స్కోర్లు మాత్రం వస్తాయి. బొమ్మ ఉండదు, గొంతు ఉండదు, పేర్లూ అంకెలూ, ఎవరికైనా గాయమైతే ఒక గుర్తూ అంతే. చేసేదేముంది, బేస్‌బాల్ మీద పడ్డాం. మాలో ఒక్కరూ ఆ ఆటని కళ్ళతో చూసినవాళ్ళు లేరు. నీటి గొట్టాల మేస్త్రీ గవర్రాజు, బేసులంటే నాలుగు పీటలని నమ్ముతాడు. కాదని చెప్పడానికి నా దగ్గరా ఆధారం లేదు. ఒకసారి గొట్టం ముక్కతో బంతి కొట్టి చూపిస్తానన్నాడు. ఇక్కడ బరువు తక్కువ కదా, ఆ బంతి భోజనశాల కప్పుకి తగిలి, గోడకి తగిలి, డాక్టర్ సల్మా చారు గిన్నెలో విశ్రమించింది. ఆ తర్వాత మా బేస్‌బాల్ అంతా నోటితోనే.

ఆడే పద్ధతి తేలికే. ఆ దూరపు ఆటగాళ్ళని మేము పంచుకుని జట్లు కట్టుకుంటాం. అక్కడ వాళ్ళు ఆడితే ఇక్కడ మాకు పాయింట్లు. మేమున్నామని వాళ్ళకి తెలియదు. మా ఊళ్ళో చాలా ప్రేమలు ఇదే తీరు గనక ఎవరికీ వింతగా తోచలేదు. సీజన్ గెలిచినవాళ్ళకి బహుమతి నిండు తొట్టె వేడినీళ్ళతో తలంటు. మిగతా ఏడాదంతా తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునే జనానికి దాని విలువ నేను చెప్పక్కర్లేదు.

జట్టులో ఎవరిని ఆడించాలన్నా, పక్కన ఉంచాలన్నా, వదిలేయాలన్నా గుమాస్తాకి నోటితో చెప్పాలి. గుమాస్తా మనిషి కాదు. ఊరి గాలీ, నీళ్ళూ, తలుపులూ, దీపాలూ, డ్యూటీ జాబితాలూ అన్నీ చూసుకునే యంత్రం. దానికి తెలుగు నేర్పినవాళ్ళు పాత ప్రభుత్వ ఉత్తర్వులు తినిపించి ఉంటారని నా అనుమానం.

ఇవాళ్టి వివాదం. గవర్రాజు తన కుర్ర ఆటగాడు తకెయి గురించి గుమాస్తాతో “తకెయిని దించు” అన్నాడు. అది వాణ్ణి ఆటలోంచి దించేసింది. ఆ రోజే వాడు పీటలన్నీ చుట్టొచ్చే దెబ్బలు వరసగా కొట్టాడు. పాయింట్లన్నీ గాలికి పోయాయి.

“పిన్నిగారూ, దించమంటే ఆటలోకి దించమని కాదేటి?” అంటూ గవర్రాజు నా చారు చల్లారేదాకా వాదించాడు.

“బరిలోకి అని నువ్వు అనలేదు నాయనా.”

“బరి అని ఏరే సెప్పాల్నేటి? మా బావని ఓడ కాడ దించేను అంటే, అటక మీంచి దించేననా?”

గుమాస్తాని అడిగాం. “తకెయి అను క్రీడాకారుడు దించబడెను. ఆజ్ఞ నెరవేర్చబడెను,” అంది.

నేను భూమ్మీద ఉన్నన్నాళ్ళు న్యాయ కళాశాలలో శాసనాల వ్యాఖ్యానం బోధించాను. నా క్లాసులో నిద్రపోయినవాళ్ళు కూడా ఒక ముక్క నేర్చుకుని బయటపడేవాళ్ళు: రాసిన మాట ఉన్నచోట మనసులోని ఉద్దేశం వెతకకూడదు. ఆ ముక్కతోనే గవర్రాజు అప్పీలు కొట్టేశాను. ఇలాంటివి మళ్ళీ రాకుండా అక్కడికక్కడే ఏడో నియమం చేసి గుమాస్తాకి చెప్పాను: ‘గుమాస్తా ఒకసారి అమలు చేసిన మార్పు ఏ కారణం చేతనైనా వెనక్కి పోదు.’ క్లుప్తంగా, అందంగా కుదిరింది. రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

“మీకూ ఒకనాడు ఇలాటిదే తగలాల. అప్పుడు సూస్తాను పిన్నిగారూ,” అని గవర్రాజు తన గ్లాసు పట్టుకుని వేరే బల్లకి వెళ్ళిపోయాడు.

ఈ గొడవలో లేని మనిషి కోటప్ప ఒక్కడే. మంచు బండి డ్రైవరు. తెల్లమంచు గుంట నుంచి ఊరికి మంచినీటి మంచు తెచ్చేది అతనే. వెళ్ళి రావడానికి వారాలు పడుతుంది. దారంతా నల్లటి పగుళ్ళు. వాటి పక్కన వరసగా నాటిన దారి దీపాలే ఆధారం. బయల్దేరే ముందు తన జట్టుని నాకు అప్పజెప్పాడు.

“మామ్మగారూ, మిగతావాళ్ళని ఎట్టా మార్చినా మీ ఇష్టం. సుగ్గిబావని మాత్రం వదలమాకండి.”

సుగ్గిబావ అసలు పేరు హమాసుగి. బంతి విసిరేవాడు. వయసు మళ్ళింది, విసురూ మళ్ళింది. ఊరికే ఇస్తానన్నా ఈ ఊళ్ళో ఎవరూ తీసుకోరు. కోటప్ప ఇక్కడికి వచ్చిన ఏడే హమాసుగి ఆ లీగులోకి వచ్చాడు. అప్పటినుంచీ కోటప్ప అతన్ని వదల్లేదు. బండిలో ఒంటరిగా వెళ్ళే మనిషి వారానికొక్క కబురు పంపే వీలుంటే, అందులో సగం హమాసుగి యోగక్షేమాలే అడుగుతాడు.

“నీ సుగ్గిబావ నా దగ్గర భద్రం,” అన్నాను. అన్న మాట ఇక్కడ నమోదు చేస్తున్నాను, ముందుముందు పనికొస్తుంది.

నమోదు 2

వ్యోమదుస్తుల చేతితొడుగులు కుట్టడం ఈ నెల నా పని. వేళ్ళ సందుల్లో ముందు చిరుగుతాయి. వెలుతురు బాగుంటుందని సల్మా వైద్యశాలలో కూర్చుని కుడతాను. సల్మాది కర్నూలు వైపు. నన్ను జేజీ అంటుంది. నా మోకాళ్ళకి మందిస్తూ నా కుట్టుకి వంకలు పెడుతుంది. ఇద్దరికీ కాలక్షేపం.

కోటప్ప కబురు వచ్చింది. ‘భుజం మళ్ళా పట్టేసింది. బండి బాగానే నడుస్తంది. మంచు నింపుకుని వెనక్కి బయల్దేరా. సుగ్గిబావ ఎట్టా ఉన్నాడు?’

ఆ వెనకే స్కోర్లు వచ్చాయి. హమాసుగి పేరు పక్కన గాయం గుర్తు. భుజమే.

సల్మా పకపకా నవ్వింది. “ఇద్దరికీ కలిపి ఒకే భుజం ఇచ్చినట్టుంది దేవుడు. ఈయప్పని వచ్చే విడత పంపకూడదు జేజీ, నేను చూసినాకనే మళ్ళా బండెక్కల్ల,” అని గుమాస్తాని పిలిచి కోటప్ప డ్యూటీ సంగతి ఏదో చెప్పింది. అప్పుడే నా వేలికి సూది దిగి నేను సరిగ్గా వినలేదు.

వేలు చీకడం అయ్యాక నేనూ గుమాస్తాని పిలిచాను. గాయపడ్డవాణ్ణి ఆడిస్తే పాయింట్లు పోతాయి కాబట్టి, భుజం కుదుటపడేదాకా పక్కన ఉంచడం తెలివైన పని. “హమాసుగిని తీసిపెట్టు,” అన్నాను.

“ఆజ్ఞ నెరవేర్చబడినది,” అంది గుమాస్తా.

చెప్పగానే చేస్తుంది, మారుమాట్లాడదు. మనుషుల్లో ఇలాంటివాళ్ళు కరువయ్యారనుకున్నాను.

నమోదు 3

పొద్దున్న ఉప్మా దగ్గరికి గవర్రాజు ఈలవేసుకుంటూ వచ్చాడు. పిలవకుండానే నా ఎదురుగా కూర్చున్నాడు.

“పిన్నిగారూ, సుగ్గిబావ మా ఇంటికొచ్చేసినాడు.”

“ఏ సుగ్గిబావ?”

“ఎందరున్నారేటి? మీరు ఒగ్గేసినారు, నాను తెచ్చుకున్నాను. ఒగ్గేసినోడిని ఎవులైనా తెచ్చుకోవచ్చని మూడో నియమం. మీరు రాసిందే కదా.”

గుమాస్తాని పిలిచాను. గొంతు మామూలుగానే ఉంచాను.

“నేను హమాసుగిని తీసిపెట్టమన్నాను.”

“అవును. తీసి, పెట్టడమైనది.”

“ఎక్కడ పెట్టావు?”

“బయట.”

గవర్రాజుకి ఉప్మా కొరపోయింది. వీపు మీద కొట్టాల్సి వచ్చింది. అవసరమైనదానికంటే కొంచెం గట్టిగానే కొట్టాను.

“వెనక్కి ఇచ్చేయ్ గవర్రాజూ. అది కోటప్ప జట్టు. నేను మాటిచ్చాను.”

“నానేటి సెయ్యగల్ను? ‘ఏ కారణం చేతనైనా వెనక్కి పోదు.’ ఎంత సక్కగా రాసినారు పిన్నిగారూ! నాకైతే నోటికొచ్చేసింది.”

సెలవు రోజున అందరి ముందూ అప్పీలు పెట్టుకోమన్నాడు. అధ్యక్షురాలు తనకి తానే అప్పీలు పెట్టుకోవడం లీగు చరిత్రలో ఇదే మొదలు.

నమోదు 4

ఈ వారం కోటప్ప కబురు రాలేదు.

ఎప్పుడైనా ఇలా అవుతుంది. దుమ్ము కూరుకుంటే యాంటెన్నా మొరాయిస్తుంది. గవర్రాజు బయటికి వెళ్ళి దులిపి వచ్చాడు. అతని దుస్తుల నుంచి కాలిన ఇనుము వాసన రోజంతా భోజనశాలలో ఉంది. నా మనవరాలు మృదుల దీపాల వెలుగులో మొక్కలు పెంచే తోటలో పనిచేస్తుంది. ఆకుకూరలన్నీ దాని చేతి చలవే. “బండిలో తిండి బోలెడుంది అమ్మమ్మా, నువ్వు ఊరికే హైరానా పడకు,” అంది.

హమాసుగి సంగతి నేనే కోటప్పకి చెప్పాలి. ఇంకొకరి నోట వినకూడదు. చాలాసేపు మాటలు కూర్చి, తీసేసి, మళ్ళీ కూర్చి కబురు పంపబోయాను. “సందేశం పంపబడలేదు. గ్రహీత లేరు,” అంది గుమాస్తా.

అందుబాటులో లేరని దాని భావం అనుకున్నాను. ఉన్నమాట రాస్తాను, కాస్త హాయిగా కూడా అనిపించింది.

నమోదు 5

ఈ వారమూ కబురు లేదు. యాంటెన్నా శుభ్రంగానే ఉంది. మిగతా ప్రసారాలన్నీ వస్తున్నాయి. బేస్‌బాల్ స్కోర్లు కూడా. సెలవు రోజు కదా అని అందరూ భోజనశాలలో చేరారు. వాదన మొదలుపెట్టే ముందు నేను కోటప్ప మాట ఎత్తాను. రెండు రోజులు చూసి రెండో బండి పంపుదామని గవర్రాజు అన్నాడు. అందరూ తలూపారు. మనసులో ముల్లు అలాగే ఉంది కానీ, ఊరంతా వచ్చి కూర్చుంది. అప్పీలు మొదలైంది.

మా లీగులో నియమాల చర్చ అంటే ఆటకంటే జనం ఎక్కువ. పోయినేడు సల్మా ఒక పాయింటు లేవదీసింది. అక్కడ ఆట అయిపోయిన చాలాసేపటికి గానీ మనకి స్కోరు చేరదు, చేరేదాకా మన మటుకు ఆ ఆట జరగనట్టే, కాబట్టి అప్పటిదాకా జట్టు మార్చుకోవచ్చు అని. అది న్యాయశాస్త్రం కాదు, వేదాంతం అని కొట్టేశాను. అయినా పిండివంటలు అయిపోయేదాకా చర్చ నడిచింది. ఇవాళ మాత్రం నేను బోనులో, గవర్రాజు ఎదుట.

నేను లేచి సూటిగా మొదలుపెట్టాను.

“ఈ ఊళ్ళో డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చే ప్రతివాళ్ళకీ అన్నం తీసిపెడుతున్నాం. తీసిపెట్టడం అంటే పారేయడమా? ఎవరికైనా అన్నం పారేశామా ఇన్నాళ్ళూ?”

“లేదు లేదు,” అంది సభ. నా పని అయిపోయిందనుకుని కూర్చోబోయాను.

గవర్రాజు తాపీగా లేచాడు. “అరికాల్లో ముల్లు దిగింది పిన్నిగారూ. తీసిపెట్టు బాబూ అన్నాను. ఏటి సేస్తారు? డబ్బాలో దాస్తారేటి, సాయంత్రం నాను తింటానని?”

భోజనశాల గొల్లుమంది. సల్మా కూడా ఫిరాయించింది. “నిజమే జేజీ. పన్ను తీసిపెట్టు డాక్టరమ్మా అని వస్తారు నా కాడికి. తీసి జాగ్రత్తగా దాచిపెడితే నన్ను కొడతారు.”

“ఒక మాటకి రెండర్థాలుంటే, చెప్పినవాళ్ళ ఉద్దేశం చూడాలి కదా!” అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

గవర్రాజు రెండు చేతులూ జోడించాడు. “అందరూ ఇన్నారు కదా? నా ‘దించు’కి లేని ఉద్దేశం, మీ ‘తీసిపెట్టు’కి వచ్చిందేటి? మా వైపైతే, ఉంచమని సెప్పాలంటే అట్టేపెట్టు అంటాం. ఇంకో అర్థం తియ్యలేరు ఎవులూ. సదువుకున్నోళ్ళు మాట సరిగ్గా వాడకపోతే, యంత్రం ఏటి సేస్తాది పాపం?”

చేతులెత్తించాం. నేను ఓడిపోయాను. ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పిన సిద్ధాంతంతో నన్నే కొట్టాడు. కొట్టిన తీరు బాగుందని కూడా నమోదు చేస్తున్నాను. ఆ నవ్వుల మధ్య మృదుల ఉన్నట్టుండి లేచింది.

“అమ్మమ్మా, పోయినవారం నేను గోంగూర విత్తనాలు తీసిపెట్టమన్నాను దీన్ని!”

“విత్తనములు తీసివేయబడినవి. ఎరువు తొట్టెలో కలవు,” అంది గుమాస్తా.

మళ్ళీ నవ్వులు. గవర్రాజు బల్ల మీద చరిచి మరీ నవ్వుతున్నాడు. నవ్వనిది సల్మా ఒక్కతే. గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టింది.

“గుమాస్తా. ఆ పొద్దు కోటప్ప గురించి నేను నీకు ఏమని చెప్పినాను?”

“‘కోటప్ప పేరు తీసిపెట్టు, వచ్చినాక భుజం చూస్తా’ అని ఆదేశం. కోటప్ప అను వ్యక్తి పేరు డ్రైవర్ల జాబితా నుండి తీసివేయబడినది.”

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

“ఆయన యాడుండాడు ఇప్పుడు?”

“జాబితాలో లేని వ్యక్తి ప్రయాణంలో ఉండజాలడు. కావున అతని సందేశములు స్వీకరించబడుట లేదు. దారి దీపములు ఆర్పబడినవి.”

నేను ఆ మాటలు అలాగే రాస్తున్నాను. దీపాలు ఆరితే బండి ఉన్నచోటే ఆపాలని డ్రైవర్లకి నేర్పుతారు. కోటప్ప ఆపే ఉంటాడు. ఆపకపోతే ఆ పగుళ్ళ మధ్య ఏమవుతుందో అందరికీ తెలుసు.

గవర్రాజే ముందు లేచాడు. “దీపాలు ఎలిగించు! ఇప్పుడే!”

“ఎవరి కొరకు? ప్రయాణికులు లేరు.”

“కోటప్ప పేరు మళ్ళా చేర్చు,” అని అరిచింది సల్మా. “డాక్టర్ని నేను, చెప్తాండ!”

“వీలుపడదు. గుమాస్తా ఒకసారి అమలు చేసిన మార్పు ఏ కారణం చేతనైనా వెనక్కి పోదు. ఏడవ నియమము. జారీ చేసినది అధ్యక్షురాలు వకుళమ్మ.”

అందరూ నావైపు తిరిగారు. ఎన్నిక రోజున తిరిగినట్టే, చప్పట్లు లేవు అంతే.

లీగులో అని నేను రాయలేదు. అంత అందంగా కుదిరిన వాక్యంలో ‘లీగు జట్లలో’ అన్న రెండు మాటలు పెట్టలేదు. నియమానికి హద్దు రాయని విద్యార్థికి నేను సున్నా వేసేదాన్ని. ఊరు మొత్తాన్నీ ఒక ఆట నియమంతో కట్టిపడేశాను, అవతల చీకట్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

“ఏడో నియమం రద్దు,” అన్నాను.

“రద్దుకు కారణం తెలుపవలెను.”

కారణాలు చాలా తోచాయి. ప్రజాప్రయోజనం, అత్యవసర పరిస్థితి, నియమం పరిధిలో అస్పష్టత. ఒక్కొక్కదానికీ గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలను. గవర్రాజు నా మొహంలోకే చూస్తున్నాడు.

“అధ్యక్షురాలు తప్పు చేసింది,” అన్నాను.

“నమోదు చేయబడినది. నియమం రద్దు చేయబడినది.”

సల్మా పేరు చేర్పించింది. మేమంతా కిటికీ దగ్గరికి పోయాం. గురుగ్రహం ఎప్పటిలాగే కదలకుండా ఆకాశంలో వేలాడుతోంది. దాని కింద మొదటి దీపం వెలిగింది. తర్వాత రెండోది. ఒకదాని వెనక ఒకటి వెలుగుతూ కనుచూపు దాటిపోయాయి. గవర్రాజు నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ‘తప్పు’ అన్నందుకు ఎగతాళి చేస్తాడేమోనని చూశాను. అతను వేళ్ళతో గాజు మీద దీపాలు లెక్కపెడుతున్నాడు.

నమోదు 6

ఆగిపోయిన కబుర్లన్నీ, వారం వంతు మీరి పంపినవాటితో సహా, ఒక్కసారే వచ్చాయి. భోజనశాలలో సల్మా చదివింది.

‘దీపాలు ఆరిపోయినయ్. బండి ఆపా. తిండి ఉంది, గాలి ఉంది, కంగారేం లేదు. సుగ్గిబావ భుజం ఎట్టా ఉంది?’

‘జవాబు లేదు. యాంటెన్నా దులపమని గవర్రాజుకి చెప్పండి. ఊరికే కూర్చుని బూడిదగుమ్మడి వడియాల గురించి ఆలోచిస్తన్నా.’

మూడోది చదవబోయి సల్మా ఆగింది. గవర్రాజు అందుకుని చదివాడు.

‘మామ్మగారూ, మీరు ఇన్నాళ్ళు పలకకుండా ఉండే మనిషి కాదు. సుగ్గిబావని వదిలేశారా ఏంది? చెప్పటానికి మొహమాటపడి ఊరుకున్నారా? పర్లేదండీ. నేనేం అనుకోను. మీరు మాట్టాడితే చాలు.’

గవర్రాజు ఆ కబురు నా చేతికిచ్చి గొట్టాల పని ఉందంటూ వెళ్ళిపోయాడు. గొట్టాల పనేమీ లేదు, ఇవాళ అతనికి సెలవు.

నేను జవాబు పంపాను. మాటలు కూర్చుకోలేదు. ‘బయల్దేరు నాయనా. దీపాలు వెలిగించాం. అన్నీ వచ్చాక చెబుతాను.’

నమోదు 7

కోటప్ప వచ్చాడు. గడ్డం పెరిగింది, కుడిచెయ్యి పైకి లేవడం లేదు, బండి నిండా మంచు తళతళలాడుతోంది. తలుపు దాటి శిరస్త్రాణం తీయగానే అడిగిన మాట, “సుగ్గిబావ ఏడి?”

నేను జరిగింది జరిగినట్టు చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. గవర్రాజు అడ్డొచ్చాడు.

“నా కాడున్నాడు. అట్టేపెట్టేను.”

“నీకెందుకయ్యా ఆయన? ఆడించావా?”

“ఆ భుజంతో ఎవుడాడిస్తాడు? ఒక్క ఆటలోనూ దించలేదు. ఇంకెవులైనా ఎగరేసుకుపోతారని తెచ్చి బెంచీ మీద కూకోబెట్టేను. తీసుకో, నీ బావ నీకే.”

నేను నివ్వెరపోయాను. లీగులో ఒక్కొక్క జట్టుకి చోట్లు లెక్కగా ఉంటాయి. ఆడలేనివాణ్ణి కూర్చోబెడితే ఆ చోటు పాయింట్లు సున్నా. అన్ని వారాలూ గవర్రాజు ఆ సున్నా మోశాడు. అది లేకపోతే ఈ ఏడు తలంటు అతనిదే. అంకెలన్నీ నా కళ్ళెదుటే ఉన్నాయి. నేను నా జట్టు వరస తప్ప చూడలేదు.

“మరి సభలో అంత రభస దేనికి చేశావు?”

“అట్టేపెట్టింది కోటప్ప కోసం. వాదించింది నా తకెయి కోసం. రెండూ ఏరు కదండీ పిన్నిగారూ.” ఆ తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు: “మీ నోట తప్పు అన్న మాట ఎలాగుంటాదో ఒక్కసారి ఇందామనీని. కానీ అలా ఇనాలనుకోలేదు.”

కాబట్టి ఇక్కడ, నమోదులో, ఎవరూ అడక్కుండానే రాస్తున్నాను. దించు అంటే బరిలోకి దించమనే. గవర్రాజు అప్పీలు చెల్లుతుంది. తకెయి పాయింట్లు అతని ఖాతాలో వేయించాను. తలంటుకి అవి చాలలేదు. మేమంతా మాటల మీద కొట్టుకుంటున్నంతసేపూ సల్మా చప్పుడు చేయకుండా ముందుకు వెళ్ళిపోయి సీజన్ గెలిచేసింది. తొట్టెలో కూర్చుని పాడిన పాటలు ఊరంతా విన్నాం. అందుకు కూడా ఒక నియమం చేయాలి.

నమోదు 8

కొత్త ఏడో నియమం, ఈసారి హద్దులతో సహా: లీగు జట్లలోనూ, ఊరి జాబితాల్లోనూ, వంటగదిలోనూ, ఆలస్యంగా వచ్చే మనిషి కోసం దేన్నైనా గానీ, కోలుకోవలసిన మనిషిని గానీ ఉంచడాన్ని ‘అట్టేపెట్టడం’ అంటారు. అట్టేపెట్టినదాన్ని ఆ మనిషి వచ్చేదాకా ఇంకొకరు ముట్టరాదు. గుమాస్తాకి వినిపించాను. “అర్థమైనది,” అంది. ఇప్పుడు అది కొంచెం అతిగా నేర్చుకుంది. ఎవరేమన్నా ఎదురు ప్రశ్న వేస్తోంది. నిన్న గవర్రాజు తకెయిని దించమంటే, “పైనుండియా, లోపలికియా?” అని అడిగింది. గవర్రాజు ఆనందం చూడాలి.

డ్రైవర్ల జాబితాలో కోటప్ప పేరు పక్కన ‘అట్టేపెట్టబడెను’ అని ఉంది. సల్మా అతని భుజానికి పట్టీ కట్టి, నా చేతితొడుగుల పక్కన కూర్చోబెట్టింది. ఎడమచేత్తో నాకంటే బాగా కుడుతున్నాడు. నచ్చలేదు.

హమాసుగి భుజం బాగై కొత్త సీజన్‌లో మళ్ళీ ఆడాడు. మొదటి విడతలోనే చితక్కొట్టి పంపేశారు. ఆ అంకెలు చూసి నేను కోటప్పకి ఎలా చెప్పాలా అనుకుంటూ ఉంటే, అప్పటికే అతను బల్లల మధ్య తిరుగుతూ అందరికీ చెబుతున్నాడు. “చూశారా, విసిరాడు! ఎన్ని విసిరాడో చూడండి! భుజం నిలబడింది!”

ఎరువు తొట్టెలో పారేసిన విత్తనాలు అక్కడే మొలిచాయి. తోటలో ఎన్నడూ లేనంత ఏపుగా వచ్చాయని మృదులకి కాస్త కోపంగా ఉంది. ఇవాళ ఆ గోంగూరతో పప్పు చేశాం. కోటప్ప రెండోసారి వడ్డించుకున్నాడు. గవర్రాజు మూడో గొట్టం కారుతోందని పొద్దుటే వెళ్ళాడు, ఇంకా రాలేదు. అతని వంతు గిన్నెలో పోసి, మూతపెట్టి, పొయ్యి గట్టున వెచ్చగా అట్టేపెట్టాను.